కెన్నీ లాఫ్టన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు తగినవాడేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఆఫీసులో క్లీవ్‌ల్యాండ్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన లంచ్ దగ్గర కూర్చున్నప్పుడల్లా "కెన్నీ లాఫ్టన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టకపోవడం దారుణం" అంటున్నాడు. లాఫ్టన్ 1990ల్లో క్లీవ్‌ల్యాండ్‌కు ఆడిన బేస్‌బాల్ సెంటర్ ఫీల్డర్, అంటే అవుట్‌ఫీల్డ్ మధ్యలో నిలబడేవాడు. హాల్ ఆఫ్ ఫేమ్ అంటే ఆ ఆటలోని గొప్పవాళ్ళకు దక్కే శాశ్వత గౌరవం. మీరు వెతికి చూస్తే 2013లో అతనికి 3.2 శాతం ఓట్లే వచ్చాయని, మొదటి ఏడాదే జాబితాలోంచి పోయాడని తేలింది. నూటికి ముగ్గురు ఓటేసిన ఆటగాడు నిజంగా అంత గొప్పవాడా, లేక ఇదంతా సొంత ఊరి అభిమానమా? అతనికి ఇప్పుడేమైనా దారి ఉందా? క్రికెట్ మాత్రమే తెలిసినవాడికి అర్థమయ్యేలా చెప్పమన్నారు.

సూటిగా చెప్తున్నాను: అర్హుడే. విల్లీ మేస్, మికీ మాంటిల్ లాంటి దిగ్గజాల సరసన కూర్చోబెట్టేంత వాడని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఇప్పటికే లోపల ఉన్న సెంటర్ ఫీల్డర్ల వరుసలో లాఫ్టన్‌ను నిలబెడితే సగటుకు కాస్త కింద, చివరి వాళ్ళకు బాగా పైన ఉంటాడు. ఆ 3.2 శాతం అంకె నుంచి అతని ఆట గురించి తెలిసేది చాలా తక్కువ. ఆ ఏడాది ఓటు పత్రం ఎంత కిక్కిరిసి ఉందో మాత్రం బాగా తెలుస్తుంది.

నేను చాలా ఏళ్ళుగా క్లీవ్‌ల్యాండ్ శివార్లలోనే ఉంటున్నాను. వేసవిలో పిల్లల లీగ్ మ్యాచ్‌లకు స్కోరు పుస్తకం రాస్తాను. బేస్‌ల మీద (మైదానంలోని నాలుగు మజిలీలు; మూడూ దాటి నాలుగోదైన 'ఇల్లు' చేరితేనే పరుగు) ఎలా పరిగెత్తాలో నేర్పే పని కూడా నా నెత్తినే పడింది. కాబట్టి నాకూ పక్షపాతం ఉందని మీరు అనుకోవచ్చు. అందుకే ఇక్కడ వీలైనంతవరకు ఎవరైనా సరిచూసుకోగల అంకెలతోనే మాట్లాడతాను. అభిమానం ఎక్కడైనా బయటపడితే మీ సహోద్యోగికి వాటా ఇచ్చేయండి.

ముందు ఓటింగ్ సంగతి. కూపర్స్‌టౌన్‌లోని హాల్‌కు ఆటగాళ్ళను మొదట ఎన్నుకునేది బేస్‌బాల్ రచయితల సంఘం సభ్యులు. సంఘంలో పదేళ్ళు ఉన్నవాళ్ళకే ఓటు. ఆటగాడు రిటైరై ఐదేళ్ళు గడిచాక పేరు పత్రంలోకి వస్తుంది. 75 శాతం వస్తే లోపలికి వెళ్తాడు. రాకపోతే మళ్ళీ ఏడాది చూస్తారు. అలా ఇప్పుడు పదేళ్ళు, లాఫ్టన్ పేరు వచ్చిన రోజుల్లో పదిహేనేళ్ళు. రెండు మెలికలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒక ఓటరు పది పేర్లకు మించి టిక్కు పెట్టకూడదు. 5 శాతం కన్నా తక్కువ వస్తే ఆ పేరు రచయితల ముందుకు మళ్ళీ రాదు.

ఈ రెండు నిబంధనలూ విడివిడిగా చూస్తే సబబుగానే ఉంటాయి. 2013లో రెండూ కలిసి లాఫ్టన్ మీద పడ్డాయి. ఆ పత్రంలో బ్యారీ బాండ్స్, రోజర్ క్లెమెన్స్, సామీ సోసా మొదటిసారి వచ్చారు. శక్తి పెంచే మందుల వివాదం వల్ల వాళ్ళకు ఓటేయాలా వద్దా అని రచయితలు రెండుగా చీలిపోయారు. ఎవరికీ 75 శాతం రాలేదు, ఒక్కరూ ఎన్నిక కాలేదు. క్రెయిగ్ బిజియో 68.2 శాతంతో అందరికన్నా ముందున్నాడు, అతనికీ చాలలేదు. మొత్తం 569 పత్రాల్లో లాఫ్టన్ పేరు ఉన్నవి 18.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ఆ ఏడాది పత్రంలో ఉండి ఓడిపోయినవాళ్ళలో బిజియో, మైక్ పియాజా, జెఫ్ బ్యాగ్‌వెల్, టిమ్ రేన్స్, ఎడ్గార్ మార్టినెజ్, లారీ వాకర్ తర్వాత రచయితల ఓటుతోనే లోపలికి వెళ్ళారు. అలన్ ట్రమ్మెల్, జాక్ మోరిస్, లీ స్మిత్, ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ కమిటీల ద్వారా వెళ్ళారు. లెక్కపెట్టండి, పది మంది. అంటే ఆ రోజు ఒక ఓటరు భవిష్యత్తు తెలిసినవాడిలా సరిగ్గా ఈ పది పేర్లకే టిక్కు పెట్టినా పత్రం నిండిపోతుంది. బాండ్స్, క్లెమెన్స్, కర్ట్ షిల్లింగ్ లాంటివాళ్ళను ఇంకా లెక్కలోకి తీసుకోనే లేదు. లాఫ్టన్‌కు చోటెక్కడిది? అతన్ని పదకొండో స్థానంలో పెట్టిన ఓటరుకూ, అసలు అనర్హుడనుకున్న ఓటరుకూ లెక్కింపులో తేడా లేదు. రెండూ సున్నాలే.

న్యూయార్క్ యాంకీస్ సెంటర్ ఫీల్డర్ బెర్నీ విలియమ్స్ కూడా అదే ఏడాది 3.3 శాతంతో పోయాడు. అతనికి నాలుగు ప్రపంచ సిరీస్ (ఛాంపియన్‌షిప్ ఫైనల్) ఉంగరాలున్నాయి. న్యూయార్క్‌లో ఆడి, నాలుగు టైటిళ్ళు గెలిచినవాడే గల్లంతయ్యాడు కాబట్టి చిన్న నగరంలో ఆడినందుకే లాఫ్టన్‌కు ఓట్లు పడలేదన్న వాదన ఇక్కడ పనికిరాదు.

సమయం దొరికినవాళ్ళకు ఏమైందో కూడా చూడండి. టిమ్ రేన్స్ 2008లో 24.3 శాతంతో మొదలుపెట్టి 2017లో 86 శాతంతో వెళ్ళాడు. లారీ వాకర్ 2014లో 10.2 శాతానికి పడిపోయాడు, 2020లో 76.6తో గట్టెక్కాడు. అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఆండ్రూ జోన్స్. అతనూ సెంటర్ ఫీల్డరే, 2018లో మొదటిసారి వచ్చినప్పుడు 7.3 శాతం. గీత కన్నా రెండు అంగుళాలు పైన ఉండబట్టి పేరు నిలిచింది, ఏటా వాదనలు నడిచాయి, 2026లో ఎన్నికయ్యాడు. ఆ మధ్యలో జోన్స్ కొత్తగా ఒక్క బంతి కూడా పట్టలేదు, ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టలేదు. మారింది ఓటర్ల అభిప్రాయమే. లాఫ్టన్ విషయంలో ఆ వాదన మొదలవకముందే ఫైలు మూసేశారు.

సరే, అయితే ఫైల్లో ఏముంది?

లాఫ్టన్ 17 సీజన్లు, 2,103 మ్యాచ్‌లు ఆడాడు. 2,428 హిట్లు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరినవి), సగటు, అంటే కొట్టే ప్రయత్నాల్లో హిట్ల వాటా, 0.299. ఆన్‌బేస్ సగటు, అంటే హిట్టుతోనో, నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఉచితంగా వచ్చే వాక్‌తోనో, ఎలాగోలా బేస్ మీదికి చేరిన నిష్పత్తి, 0.372. పరుగులు 1,528. స్టీల్స్ (బౌలర్ లాంటి పిచ్చర్ బంతి వేసే సందులో తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం) 622, ఆల్‌టైమ్ జాబితాలో తొలి పదిహేను మందిలో ఉండే సంఖ్య. 1992 నుంచి 1996 వరకు వరుసగా ఐదేళ్ళు, పెద్ద బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో స్టీల్స్‌లో అతనే మొదటివాడు: 66, 70, 60, 54, 75. ఆ 60 వచ్చిన 1994 సీజన్ ఆటగాళ్ళ సమ్మెతో ఆగస్టులో ఆగిపోయింది. అప్పటికి లాఫ్టన్ 112 మ్యాచ్‌లే ఆడాడు, సగటు 0.349, హిట్లలో లీగ్‌లోనే మొదటివాడు. అదే వేగంతో సీజన్ పూర్తయి ఉంటే స్టీల్స్ 85 దాటేవి. అయినా ఆ ఏడాది ఎంవీపీ (ఏడాది అత్యుత్తమ ఆటగాడు) ఓటింగ్‌లో నాలుగో స్థానం. 1993 నుంచి 1996 వరకు నాలుగు గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డు), ఆరుసార్లు ఆల్‌స్టార్.

కొంచెం పక్కదారి: ఇతను కాలేజీలో ప్రధానంగా బాస్కెట్‌బాల్ ఆటగాడు. 1988లో ఫైనల్ ఫోర్‌కు, అంటే కాలేజీ బాస్కెట్‌బాల్ సెమీఫైనల్స్‌కు, వెళ్ళిన అరిజోనా జట్టులో ఉన్నాడు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టువాళ్ళు అతన్ని డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకునే పద్ధతి) 17వ రౌండ్‌లో తీసుకున్నారు, అంటే వస్తే వచ్చాడు, పోతే పోయాడు అన్నట్టు. చిన్నప్పటి నుంచీ దీని మీదే పెరిగినవాడు కాదు. 24 ఏళ్ళకు పెద్ద లీగ్‌లో అడుగుపెట్టి, మరుసటి ఏడాదే లీగ్‌లో అందరికన్నా ఎక్కువ బేస్‌లు దొంగిలించాడు. దీనికోసం హాల్‌లో ఎవరూ అదనపు మార్కులు వేయరు, వేయకూడదు కూడా. నాకు నచ్చిన విషయం కాబట్టి చెప్పాను.

లాఫ్టన్ కేసు బలం తెలియాలంటే నేను ఎప్పుడూ లూ బ్రాక్‌తో పోల్చి చూస్తాను. బ్రాక్ 1985లో మొదటి ప్రయత్నంలోనే ఎన్నికయ్యాడు. 3,023 హిట్లు, 938 స్టీల్స్, ఆ కాలానికి అది రికార్డు. వినగానే లాఫ్టన్ కన్నా ఎంతో పైన ఉన్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు లోపలికి వెళ్దాం. బ్రాక్ ఆడినవి 2,616 మ్యాచ్‌లు, లాఫ్టన్ కన్నా 513 ఎక్కువ, అంటే మూడు సీజన్లకు పైనే. అన్ని ఎక్కువ మ్యాచ్‌ల్లో బ్రాక్ చేసిన పరుగులు 1,610. లాఫ్టన్ కన్నా ఎక్కువ వచ్చినవి 82 మాత్రమే. ఇద్దరూ చేసే ఉద్యోగం ఒకటే: ముందు బ్యాటింగ్‌కు దిగడం, బేస్ మీదికి చేరడం, ఇంటికి రావడం.

బేస్ మీదికి చేరడంలో బ్రాక్ 0.343, లాఫ్టన్ 0.372. స్టీల్ ప్రయత్నాల్లో బ్రాక్ 307 సార్లు దొరికిపోయాడు, విజయం 75 శాతం. లాఫ్టన్ 160 సార్లు దొరికాడు, దాదాపు 80 శాతం. ఈ ఐదు శాతం తేడా చిన్నదనుకోకండి. ఒక బేస్ దొంగిలిస్తే జట్టుకు సగటున 0.2 పరుగు లాభం. దొరికిపోతే 0.4 పరుగు నష్టం, ఎందుకంటే రన్నరూ పోయాడు, ఒక అవుటూ పోయింది. అంటే ఒకసారి దొరికితే రెండు స్టీల్స్ లాభం కొట్టుకుపోతుంది. 70 శాతం దగ్గర ఉన్నవాడు ఎన్ని వందలు దొంగిలించినా జట్టుకు మిగిల్చేది పెద్దగా ఉండదు. నేను పిల్లలకు మొదట చెప్పేది ఇదే, వాళ్ళు మొదట మర్చిపోయేదీ ఇదే.

పైగా బ్రాక్ ఆడింది లెఫ్ట్ ఫీల్డ్‌లో, అక్కడ అతని ఫీల్డింగ్ సామాన్యం. లాఫ్టన్ ఆడింది సెంటర్‌లో, మైదానంలో అన్నిటికన్నా విశాలమైన చోట. 1996 ఆగస్టులో క్లీవ్‌ల్యాండ్ మైదానం జేకబ్స్ ఫీల్డ్‌లో బాల్టిమోర్ బ్యాటర్ బి.జె. సర్‌హాఫ్ కొట్టిన హోమ్ రన్‌ను సెంటర్ గోడ మీదికి ఎక్కి మరీ అందుకున్న క్యాచ్ గురించి ఇక్కడి వాళ్ళు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అన్నీ కలిపి, ఆ స్థానంలో సులభంగా దొరికే మామూలు ఆటగాడికన్నా ఎన్ని విజయాలు ఎక్కువ తెచ్చాడో చెప్పే 'వార్' లెక్కలో లాఫ్టన్‌కు 68, బ్రాక్‌కు 45 చుట్టూ వస్తాయి. 2026లో ఎన్నికైన ఆండ్రూ జోన్స్‌కు 63. 2001లో మొదటి ఓటులోనే ఎన్నికైన కిర్బీ పకెట్‌కు 51. హాల్‌లో ఉన్న సెంటర్ ఫీల్డర్ల సగటు 70కి కాస్త అటూ ఇటూ.

బ్రాక్‌ను తగ్గించడం నా ఉద్దేశం కాదు. అతను ఆడిన 1960ల్లో పిచ్చర్ల రాజ్యం నడిచింది, పరుగులు చాలా తక్కువ వచ్చేవి. 1990ల్లో పరుగుల వరద. కాబట్టి పరుగుల పోలికలో కొంత తగ్గింపు ఇవ్వాల్సిందే. ప్రపంచ సిరీస్‌లలో బ్రాక్ సగటు 0.391, అదొక అద్భుతం. నేను చెప్పేది ఇంతే: ఆ తలుపులోంచి బ్రాక్ మొదటిసారే నడిచి వెళ్ళగలిగినప్పుడు, లాఫ్టన్‌ను గడప దగ్గరే ఆపడానికి గట్టి కారణం చూపించాలి.

అయితే అంతమంది రచయితలకు ఇది ఎందుకు కనిపించలేదు?

పత్రం నిండిపోవడం ఒక కారణం. రెండోది స్కోరు పుస్తకం తయారైన తీరే. పెన్సిల్ పట్టుకుని మ్యాచ్ మొత్తం రాసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. హోమ్ రన్‌కు గడి ఉంది, పరుగు తెప్పించినవాడికి గడి ఉంది. మొదటి బేస్ నుంచి ఒక్క సింగిల్‌కే (బ్యాటర్‌ను ఒక బేస్ మాత్రమే చేర్చే హిట్టు) మూడో బేస్‌కు చేరినవాడికి గడి లేదు. వాడు మొదటి బేస్ మీద కాళ్ళు కదిపినంతసేపూ పిచ్చర్ టెన్షన్‌తో బ్యాటర్ మీద దృష్టి పెట్టలేకపోతే, దాని లాభం తర్వాతి బ్యాటర్ ఖాతాలో పడుతుంది. క్రికెట్‌లో చురుకైన నాన్‌స్ట్రైకర్ పిలిచి తీసిన రెండో పరుగు కొట్టినవాడి పేరు మీద పడినట్టే.

మా లీగ్‌లో ఒక పిల్లాడు ఉండేవాడు. బంతిని గట్టిగా కొట్టలేడు, కానీ చెడ్డ బంతికి బ్యాట్ ఊపడు. నాలుగు బంతులు వదిలేసి నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోయేవాడు. వాళ్ళ వయసు నిబంధన ప్రకారం బంతి బ్యాటర్‌ను చేరేదాకా బేస్ వదలకూడదు. అయినా క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) చేతిలోంచి బంతి జారిన ప్రతిసారీ ముందుకు ఉరికేవాడు. సీజన్ మధ్యలో ఒకాయన వచ్చి, "హిట్లు లేనివాణ్ణి మొదట ఎందుకు దించుతున్నారండీ, మావాడు సగటులో ముందున్నాడు కదా" అన్నారు. పుస్తకం తీసి పరుగుల గడి చూపించాను. జట్టులో అందరికన్నా ఎక్కువ పరుగులు ఆ పిల్లాడివే. ఆయన కాసేపు చూసి, "అయినా మావాడు గట్టిగా కొడతాడు" అన్నారు. 2013లో చాలామంది రచయితలు ఓటేసింది దాదాపు ఈ మనసుతోనే అని నా అనుమానం.

లాఫ్టన్ ఆటను ఒక్క మ్యాచ్‌లో చూడాలంటే 1995 ప్రపంచ సిరీస్ మొదటి మ్యాచ్ చూడండి. ఎదురుగా అట్లాంటా పిచ్చర్ గ్రెగ్ మ్యాడక్స్, ఆ కాలపు అత్యుత్తముడు. మొదటి ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ తప్పిదంతో లాఫ్టన్ మొదటి బేస్ చేరాడు. రెండోది దొంగిలించాడు, మూడోది దొంగిలించాడు. కార్లోస్ బయేర్గా నేల మీద దొర్లే మామూలు గ్రౌండర్ కొట్టి అవుటవుతుంటే ఇంటికొచ్చేశాడు. హిట్టు లేకుండా ఒక పరుగు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సింగిల్ కొట్టి, తర్వాతి గ్రౌండర్‌కు అవుట్ తీస్తున్న సందులో మొదటి బేస్ నుంచి మూడోదాకా పరిగెత్తాడు. అతన్ని ఆపాలని తొందరపడి విసిరిన బంతి దారి తప్పడంతో అదీ పరుగైంది. క్లీవ్‌ల్యాండ్ 3-2తో ఓడింది. మ్యాడక్స్ ఇచ్చినవి మొత్తం రెండే హిట్లు, క్లీవ్‌ల్యాండ్ రెండు పరుగులూ లాఫ్టన్ కాళ్ళవే. మరుసటి రోజు పేపర్లో బ్యాటింగ్ సగటు చూసినవాడికి ఇందులో ఏమీ కనిపించదు.

దానికి కొద్ది రోజుల ముందు సియాటిల్‌లో లీగ్ ఫైనల్ ఆరో మ్యాచ్. పిచ్చర్ ర్యాండీ జాన్సన్, ఆరడుగుల పది అంగుళాల మనిషి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి క్యాచర్‌ను దాటి పోయింది. మూడో బేస్ రన్నర్ ఇంటికి రావడం మామూలే. రెండో బేస్ మీదున్న లాఫ్టన్ కూడా ఆగకుండా వచ్చేశాడు. జాన్సన్ తేరుకునేలోపు 1-0 కాస్తా 3-0 అయింది. 1954 తర్వాత క్లీవ్‌ల్యాండ్ మళ్ళీ ప్రపంచ సిరీస్‌కు వెళ్ళింది ఆ రాత్రే.

ఇక అవతలి వాదనలు. మీ సహోద్యోగి వీటిని దాటేస్తాడు కాబట్టి నేనే చెప్తాను.

మొదటిది, ప్లేఆఫ్‌లు, అంటే సీజన్ తర్వాత జరిగే నాకౌట్ సిరీస్‌లు. లాఫ్టన్ 95 ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆడాడు. 34 స్టీల్స్‌తో అక్కడ రికార్డు అతనిదే, కానీ సగటు 0.247. రెగ్యులర్ సీజన్ మనిషికీ ఈ మనిషికీ యాభై పాయింట్ల (0.050) తేడా. పెద్ద మ్యాచ్‌ల్లో పిచ్చర్లు మెరుగ్గా ఉంటారు, అందరి అంకెలూ తగ్గుతాయి, నిజమే. అయినా ఇంత తగ్గడం అతని కేసుకు మచ్చే. 2002లో శాన్ ఫ్రాన్సిస్కోను ప్రపంచ సిరీస్‌కు చేర్చిన గెలుపు హిట్టు అతనిదే. అదే సిరీస్ ఏడో మ్యాచ్‌లో చివరి అవుటూ అతనే.

ఉంగరం లేకపోవడాన్ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను, అది జట్టు సంగతి. ఈ విషయంలో లాఫ్టన్‌ది వింత జాతకం. 1997లో క్లీవ్‌ల్యాండ్ అతన్ని అట్లాంటాకు ఇచ్చేసింది. ఆ ఒక్క ఏడాదే క్లీవ్‌ల్యాండ్ మళ్ళీ ప్రపంచ సిరీస్‌కు వెళ్ళి ఏడో మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్‌లో ఓడింది. 2003లో అతను చికాగో కబ్స్‌లో, 2004లో యాంకీస్‌లో ఉన్నాడు. ఆ రెండు సిరీస్‌లు ఎలా చేజారాయో ఇక్కడ ఏ అభిమానిని అడిగినా గంటసేపు చెప్తాడు. 2007లో మళ్ళీ క్లీవ్‌ల్యాండ్‌కు వచ్చాడు. బోస్టన్‌తో ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, 3-2తో వెనకబడి ఉన్నారు. లాఫ్టన్ రెండో బేస్ మీద ఉండగా బంతి మూడో బేస్ దాటి, పక్క గోడకు తగిలి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి దొర్లింది. అతను స్కోరు సమం చేసేవాడే, కానీ మూడో బేస్ కోచ్ చేతులెత్తి ఆపేశాడు. తర్వాతి బ్యాటర్ ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లేలో పోయాడు. బోస్టన్ 11-2తో గెలిచింది. అదే లాఫ్టన్ ఆఖరి మ్యాచ్.

రెండోది, పదకొండు జట్లు. 2002 తర్వాత దాదాపు ఏటా జట్టు మారాడు. దీన్ని "ఎవరికీ అక్కర్లేనివాడు" అని చదివేవాళ్ళున్నారు. నేను వేరేలా చదువుతాను. అతన్ని తెచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది గెలుపు మీద కన్నేసిన జట్లవాళ్ళే. పదకొండు సీజన్లలో ప్లేఆఫ్ ఆడాడు. 38 ఏళ్ళ వయసులో ఫిలడెల్ఫియాకు 0.335 కొట్టాడు. కాకపోతే ఓటింగ్ పరంగా నష్టం జరిగిన మాట నిజం. ఏ నగరం రచయితలూ అతన్ని తమవాడిగా భుజాన వేసుకోలేదు.

మూడోది నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం: ఫీల్డింగ్ లెక్కలు. వార్‌లోని ఫీల్డింగ్ భాగం 2003కు ముందు సీజన్లకు అంచనా మాత్రమే. ప్రతి బంతి ఎక్కడ పడిందో నమోదు చేసిన వివరాలు అప్పట్లో లేవు. లాఫ్టన్ ఖాతాలో సుమారు వంద పరుగుల విలువ ఈ అంచనా నుంచే వస్తుంది. పది పరుగులు ఒక విజయానికి సమానం కాబట్టి, అది పది విజయాలు. నేను నా షీట్‌లో ఈ ఫీల్డింగ్ భాగాన్ని సగానికి కోసేసి చూశాను. 68 కాస్తా 63 అయింది. జోన్స్ దగ్గర ఆగింది. మళ్ళీ జోన్స్ లెక్క కూడా ఫీల్డింగ్ మీదే, అదీ ఇంకా ఎక్కువగా, ఆధారపడింది. కోత అతనికీ వేస్తే లాఫ్టనే ముందుంటాడు. ఈ పరీక్ష తట్టుకోలేని ఆటగాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ గురించి నేను ఇంత ధైర్యంగా మాట్లాడను.

నాలుగోది, మైలురాళ్ళు లేవు. 3,000 హిట్లు లేవు, ఎంవీపీ లేదు, హోమ్ రన్‌లు 130. నిజమే, ఫలకం మీద పెద్ద అక్షరాల్లో చెక్కడానికి ఒక్క గుండ్రని అంకె లేదు. పైగా రికీ హెండర్సన్ ఉన్న కాలంలోనే లీడాఫ్‌గా, అంటే మొదటి బ్యాటర్‌గా, ఆడటం ఇతని ఖర్మ. 1,406 స్టీల్స్ చేసినవాడి పక్కన 622 ఎవరికి ఆనుతుంది? కానీ హెండర్సన్ అంతటివాడే లోపలికి రావాలంటే ఆ విభాగంలో ఒక్కడే మిగులుతాడు.

అందరూ హోమ్ రన్‌లు బాదుతున్న కాలంలో సింగిళ్ళు, స్టీల్స్ చిన్నబోయాయని కూడా చెప్పాలి. బేస్‌బాల్‌లో మందుల వాడకం మీద 2007లో వచ్చిన మిచెల్ నివేదికలో లాఫ్టన్ పేరు లేదు. మందుల వివాదంలో ఉన్నవాళ్ళు అతని కాలపు అంకెలను ఉబ్బించారు, తర్వాత అతని ఓటు పత్రాన్నీ నింపేశారు. రెండుసార్లూ అతనే పక్కకు జరగాల్సి వచ్చింది. ఇది ఓటేయడానికి కారణమని నేను అనను, కానీ ఓట్లు ఎందుకు రాలేదో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

మీ రెండో ప్రశ్న, ఇప్పుడేమైనా దారి ఉందా అని. ఉంది, సన్నదారి. రచయితల ఓటు దాటిపోయినవాళ్ళ కోసం కమిటీలుంటాయి. 1980 తర్వాతి ఆటగాళ్ళ కమిటీ మూడేళ్ళకోసారి కూర్చుంటుంది. పదహారు మంది సభ్యులు, ఎనిమిది పేర్లు, ఒక్కో సభ్యుడికి మూడే ఓట్లు, గెలవాలంటే పన్నెండు కావాలి. 2022 డిసెంబర్‌లో మెక్‌గ్రిఫ్ వెళ్ళాడు, 2025 డిసెంబర్‌లో జెఫ్ కెంట్ వెళ్ళాడు. రెండుసార్లూ లాఫ్టన్ పేరు ఆ ఎనిమిదిలో లేదు. మళ్ళీ 2028 డిసెంబర్.

మీ సహోద్యోగికి ఒక్క విషయం చెప్పండి. 2025 నుంచి కొత్త నిబంధన వచ్చింది. కమిటీలో ఐదు ఓట్లు కూడా రానివాడి పేరు తర్వాతి విడతలో పెట్టరు, మళ్ళీ ఒకసారి అలాగే జరిగితే ఇక ఎప్పటికీ పెట్టరు. ఒక్కొక్కరికి మూడే ఓట్లు కాబట్టి మళ్ళీ అదే కిక్కిరిసిన పత్రం సమస్య. బాండ్స్ పేరు 2025లో ఈ గీత కింద పడిపోయింది, అందువల్ల 2028 పత్రంలో అతను ఉండడు. లాఫ్టన్ లాంటివాడికి అది కొంత మేలే. పేరు ఎనిమిదిలోకి రావాలని కోరుకోవడం సరే, వచ్చినప్పుడు కనీసం ఐదుగురైనా ముందే సిద్ధంగా ఉండాలి. ఆయన లంచ్ దగ్గర క్యాచ్‌ల కథలు తగ్గించి, ఆ 513 మ్యాచ్‌లు, 82 పరుగుల లెక్క చెప్పడం మొదలుపెడితే మంచిది. కథలు క్లీవ్‌ల్యాండ్‌లో చెల్లుతాయి. కమిటీలో కూర్చునేవాళ్ళు ఎక్కువమంది వేరే ఊళ్ళవాళ్ళు.